నవలలో ఉన్న మంద సినిమాలో ఎక్కడికి పోయింది?

జొన్నకంకి
సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ నవలను ఈ మధ్యే పూర్తి చేసి, ఆ వేడి చల్లారకముందే క్రిష్ దర్శకత్వంలో 2021 అక్టోబరులో వచ్చిన సినిమాను కూడా చూశాను. నవల నన్ను ఎంతగా పట్టుకున్నదో సినిమా అంతగా నిరాశపరిచింది. కరవుకాలంలో ఊళ్లో గడ్డిపరక దొరక్క, గొర్రెల మందలను తోలుకుని నల్లమలలోకి వెళ్లిన కాపరుల కథ ఇది. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఉద్యోగం కోసం తిరిగి, నలుగురిలో నోరు విప్పలేక ఇంటికి చేరిన రవీంద్ర తండ్రి వెంట అడవికి పోతాడు. నవలలో అతని పిరికితనం ఒక్క రాత్రిలో వదిలిపోదు. మేత వెతకాలి, నీళ్లు వెతకాలి, రాత్రి వంతులవారీగా మేలుకోవాలి, తెల్లవారితే మళ్లీ అదే పనికి లేవాలి. ఆ పనిలో నలుగుతూ అతను తనకు తెలియకుండానే మారుతూ వస్తాడు. సినిమాలో ఆ పని పక్కకు జరిగింది. నవలలో లేని ఓబులమ్మ అనే నాయిక, ఆమెతో ప్రేమకథ ముందుకు వచ్చాయి. గొర్రెలు నాయికానాయకుల వెనక కదిలే తెల్లని మచ్చలుగా మిగిలిపోయాయి. పుస్తకం ప్రాణమంతా ఆ మందలోనే ఉందని నమ్మే నాకు ఇది చిన్న మార్పుగా తోచడం లేదు. రెండింటినీ ఎరిగినవారు ఏమంటారో వినాలని ఉంది.

రెండో_ఆట
జొన్నకంకి గారి బాధ అర్థమవుతోంది గానీ తీర్పుతో ఏకీభవించలేను. నవలకు వందల పేజీల వెసులుబాటు ఉంటుంది. పాఠకుడు మధ్యలో ఆగి, మర్నాడు మళ్లీ అందుకుంటాడు. సినిమాకు ఉన్నది రెండు గంటల పైచిలుకు సమయం, చీకట్లో కూర్చుని మొబైలు వైపు చెయ్యి చాచే ప్రేక్షకుడు. మేత, నీరు, నిద్ర, మళ్లీ మేత అని అదే వరసలో చూపిస్తే హాలులో ఎంతమంది మిగిలి ఉండేవారు? పైగా రాయలసీమ కాపరుల వలస మీద తెలుగులో పెద్ద తారాగణంతో ఒక సినిమా రావడమే అరుదైన సంగతి. కీరవాణి గారి సంగీతం ఆ అడవికి కొత్త ఊపిరి పోసింది. ఈ సినిమాలోని ‘ధమ్ ధమ్ ధమ్’ పాటకే చంద్రబోస్ గారికి 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ గీత రచయిత గౌరవం దక్కింది. ఓటమిని ఇంత నిర్దాక్షిణ్యంగా ప్రకటించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఏటిఒడ్డు
నేను ముందు సినిమానే చూశాను. పేర్లు పడుతున్నప్పుడు నవల ఆధారమని తెలిసి పుస్తకం తెప్పించుకున్నాను. సినిమా లేకపోతే ఆ నవల పేరు నా చెవిన పడేదే కాదు. ఈ ఒక్క మేలునైనా లెక్కలో వేయమని మనవి.

పాలకొండ
మాది కడప జిల్లాలో గొర్రెలున్న ఇల్లు. మా తాతగారి తరం వరకూ మందే జీవనాధారం, అందుచేత ఈ చర్చలో నాకు కొంత పట్టింపు ఉంది.

మంద అంటే ఒకే రకంగా కనబడే జీవాల గుంపు అని పట్నంలో పెరిగినవారు అనుకుంటారు. కాపరికి ప్రతి జీవమూ విడిగా తెలుసు. ఒకదాని మూతి నలుపు, ఇంకొకదాని చెవి చీలి ఉంటుంది, మరొకటి ఎప్పుడూ మంద చివరనే నడుస్తుంది. సాయంత్రం మంద ఇంటికి చేరగానే దొడ్లో మూసిపెట్టిన పిల్లలను వదులుతారు. అన్నీ ఒక్కసారిగా అరుచుకుంటూ తల్లుల మీదికి పరుగెడతాయి, ఆ గోలలో మనిషి మాట మనిషికి వినబడదు. తల్లి మాత్రం తన దగ్గరికి దూరిన పిల్ల తోక దగ్గర వాసన చూసి, తనది కాకపోతే తలతో నెట్టేస్తుంది. తొలిచూలు గొర్రె ఒక్కోసారి సొంత పిల్లనే దగ్గరికి రానివ్వదు. అప్పుడు మా తాత దాని వెనక కాలు ఒడిసి పట్టుకుని, దాని పాలే నాలుగు చుక్కలు పిండి పిల్ల వీపు మీద రాసి, మళ్లీ మూతి దగ్గరికి తోసేవాడు. అది వాసన చూసి నెట్టేది, మళ్లీ చూసేది. ఒక్కోసారి చీకటి పడి, దీపం తెచ్చి పక్కన పెట్టాక గానీ పిల్లకు పాలు దొరికేవి కావు. అంతసేపూ తాత ఒక్క మాట మాట్లాడేవాడు కాదు, మమ్మల్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు.

నవలలో నేను వెతుక్కున్నదీ, నాకు దొరికిందీ ఈ ఓపికే. కొత్తగా నేర్చుకునే రవీంద్ర కళ్లతో రచయిత మనకు ఆ పనిని నేర్పిస్తాడు. సినిమాలో పులి బాగా కనిపించింది. పులి వస్తుందేమోనన్న భయంతో మెతుకు గొంతు దిగని మనిషి మాత్రం నాకు తగినంతగా కనిపించలేదు.

జొన్నకంకి
నేను చెప్పాలనుకున్నదానికి పాలకొండ గారు రూపం ఇచ్చారు. తల్లి గొర్రె కాలు పట్టుకుని నిశ్శబ్దంగా కూర్చున్న ఆ ముసలాయనను తెర మీద రెండు నిమిషాలు చూపిస్తే ప్రేక్షకుడు లేచిపోతాడని నేను నమ్మను. రెండో_ఆట గారు ప్రేక్షకుడి ఓపికను మరీ తక్కువగా అంచనా వేస్తున్నారు.

అక్షరమాల
చర్చ ‘నవలలో లేనిది కలిపారు’ అన్న దగ్గర ఆగిపోకూడదు. కలపడం దానంతట అది నేరం కాదు. ఇటీవల పి. పుల్లయ్య గారి ‘కన్యాశుల్కం’ (1955) మళ్లీ చూశాను. గురజాడ వారి నాటకంలో లేని రెండింటిని అందులో చేర్చారు. ఒకటి, గురజాడ వారిదే అయిన ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ గేయకథ. రెండోది, శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ కవితల్లోని ‘ఆనందం అర్ణవమైతే’. నాటకం 1892లో రంగస్థలం ఎక్కింది, శ్రీశ్రీ పుట్టింది ఆ తరువాత చాలా ఏళ్లకు. కాలం ప్రకారం చూస్తే అది అక్కడ ఇమడకూడదు. అయినా సుశీల గారి గొంతులో ఆ పాట వినిపించినప్పుడు, సావిత్రి గారి ముఖం చూస్తున్నప్పుడు మధురవాణి మనసులో ఏముందో నాటకం చదివినప్పటికంటే ఎక్కువ తెలిసినట్లు నాకు అనిపించింది. ఇక పూర్ణమ్మ కథ సంగతి చెప్పనక్కర లేదు. డబ్బు తీసుకుని పసిపిల్లను ముసలివాడికి కట్టబెట్టడం ఎక్కడికి దారితీస్తుందో, నాటకం నవ్వుల మధ్య చెప్పిన విషయాన్ని ఆ గేయం నవ్వు లేకుండా చెబుతుంది. కలిపినది మూలం ఏ దిక్కుకు పోతున్నదో ఆ దిక్కుకే పోయింది. ఓబులమ్మ పాత్రకు పెట్టవలసిన పరీక్ష ఇదేనని నేను అనుకుంటున్నాను.

రెండో_ఆట
ఈ కొలమానాన్ని నేను సంతోషంగా ఒప్పుకుంటాను. దాని ప్రకారమే చూద్దాం. ఓబులమ్మ కూడా మందతో అడవికి వచ్చిన పిల్లే, రవీంద్రకంటే అడవి బాగా తెలిసిన పిల్ల, అతనికి ధైర్యం నూరిపోసే పిల్ల. ఆమెను పట్నం నుంచి ఊడిపడిన నాయికగా రాయలేదు. ఆ దిక్కు కూడా నవల పోతున్న దిక్కే కదా?

జొన్నకంకి
దిక్కు అదే కావచ్చు, దారి మాత్రం దగ్గరిదారి అయింది. నవలలో అతనికి ధైర్యం ఎవరూ నూరిపోయరు. రేపు పొద్దున మందను నీటి దగ్గరికి చేర్చకపోతే గొర్రెలు చస్తాయి కాబట్టి అతను కదులుతాడు. ఆ అవసరం ఉన్న చోటికి ఒక అమ్మాయి మెచ్చుకోలు వచ్చి కూర్చుంది. మిగతా మార్పులన్నీ క్షమించగలను గానీ దీన్ని క్షమించలేకపోతున్నాను.

గడ్డిపరక
మీ అందరి మాటల్లో నవల తప్పుపట్టడానికి వీల్లేని గ్రంథమైపోయింది. నాకు నవలతోనే ఒక పేచీ ఉంది. అడవిలో పడ్డ కష్టమంతా చివరికి ఆ కుర్రవాడి వ్యక్తిత్వ వికాసానికి పనికొచ్చిందన్న వెలుగు పుస్తకం మీద కొంచెం ఎక్కువగా పడింది. తండ్రి ఏళ్ల తరబడి అడవికి పోతూనే ఉన్నాడు, ఆయన ధైర్యం ఆయనకు ఏ కొలువూ తెచ్చిపెట్టలేదు. కొడుకు చదువుకున్నవాడు కావడంతో అదే అడవి అతనికి మెట్టుగా మారింది. మిగిలిన కాపరులు వచ్చే కరవుకు మళ్లీ అదే దారిన పోవలసినవారే. సినిమా ఈ కథను ఉద్యోగపు ఇంటర్వ్యూలో చెబుతున్నట్లు మలిచి ఆ ధోరణిని ఇంకా పెంచింది, నిజమే. అయితే ఆ విత్తనం నవలలోనే ఉన్నదని ఎవరో ఒకరు చెప్పాలి.

పాలకొండ
గడ్డిపరక గారి అభ్యంతరంలో బలం ఉంది. ఒక్క విషయం మాత్రం చేర్చనివ్వండి. మా ఇళ్లలో చదువుకున్న పిల్లవాడు మందను చూసి సిగ్గుపడటమే నేను ఎక్కువగా చూశాను. పట్నంలో స్నేహితుల ముందు తండ్రి ఏం చేస్తాడంటే ‘వ్యవసాయం’ అని చెప్పి ఊరుకుంటారు, గొర్రెల మాట ఎత్తరు. అటువంటి పిల్లవాడు తండ్రి పనిలో ఉన్న తెలివిని చూసి, అది తన బలమని నలుగురిలో చెప్పుకోగలగడం మాకు చిన్న సంగతి కాదు. దాన్ని వ్యక్తిత్వ వికాసం అని తీసిపారేయడానికి నాకు మనసు రావడం లేదు.

సిరిసిల్ల_మగ్గం
నవల నుంచి వచ్చిన సినిమాల్లో నాకు అన్నిటికంటే పెద్దది ‘మా భూమి’. దానికి ఆధారం కృషన్ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’. ఆ నవలలో రాఘవరావు అనే రైతు యువకుడు ఉరికంబం ఎక్కబోయే ముందటి రాత్రి జైలు గదిలో తన బతుకంతా తలుచుకుంటాడు. సినిమా ఆ జైలు గదిని వదిలేసింది. గౌతం ఘోష్, బి. నర్సింగరావు కలిసి కథను రామయ్య అనే పేద ఇంటి పిల్లవాడి చిన్ననాటి నుంచి నడిపించి, ఊరినీ దొర గడీనీ వెట్టినీ ముందుకు తెచ్చారు. మూలంలోని గుండెకాయ వంటి ఎత్తుగడనే తీసేసినా ఎవరికీ ద్రోహం అనిపించలేదు. కారణం, వారు తీసివేసిన చోట సుద్దాల హనుమంతు పాట, గద్దర్ గొంతు, తెలంగాణ పల్లె మనుషుల నడక వచ్చి నిలిచాయి. ఘోష్ బెంగాలీ, అది ఆయన మొదటి కథాచిత్రం. అయినా మా తాతమ్మ ఆ సినిమా చూసి, గడీ వాకిట్లో నిలబడే తీరు అచ్చం అట్లాగే ఉండేదని చెప్పింది. అక్షరమాల గారు చెప్పిన ‘దిక్కు’కు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టడం లేదు.

మబ్బుతెర
‘మా భూమి’లో రామయ్యగా నటించిన సాయిచంద్ గారే ‘కొండపొలం’లో రవీంద్ర తండ్రి గురప్ప. ఆయన ‘అసమర్థుని జీవయాత్ర’ రాసిన త్రిపురనేని గోపీచంద్ గారి కుమారుడు. గోపీచంద్ గారు స్వయంగా ‘లక్ష్మమ్మ’ వంటి సినిమాలకు దర్శకత్వం కూడా వహించారు. సాహిత్యం, సినిమా ఒకే ఇంట్లో కాపురమున్న కుటుంబం అది.

రెండో_ఆట
మబ్బుతెర గారి మాటకు కొనసాగింపు. అదే 2021లో ముందుగా వచ్చిన ‘ఉప్పెన’లోనూ, ఇక్కడ రవీంద్రగా నటించిన వైష్ణవ్ తేజ్‌కు తండ్రి సాయిచంద్ గారే. ఒకే ఏడాది ఒకే కొడుకును సముద్రానికీ అడవికీ పంపించారు.

జొన్నకంకి
సినిమాలో నాకు బాగా నచ్చినది గురప్ప పాత్రే. తక్కువ మాట్లాడి, కళ్లతో మందను లెక్కపెట్టుకునే ఆ తండ్రి నవలలోంచి నేరుగా నడిచి వచ్చాడు. ‘మా భూమి’ పోలిక మాత్రం నా వాదనకే బలం చేకూరుస్తోంది. అక్కడ తీసేసినది కథ చెప్పే పద్ధతి, ఉంచినది జనం పని. ఇక్కడ తీసేసింది ఆ పనినే.

దూరతీరం
నేను డల్లాస్‌లో ఉంటాను. మా అబ్బాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడతాడు, చదవలేడు. వాడికి నవల చేరే దారి లేదు. ‘కొండపొలం’ ఇద్దరం కలిసి చూశాం. సినిమా అయ్యాక వాడు ఓబులమ్మ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. వర్షం పడకపోతే ఊరంతా అడవికి పోవలసిందేనా, ప్రభుత్వం గడ్డి ఇవ్వదా, దారిలో పిల్లను ఈనిన గొర్రెను ఎవరు మోస్తారు అని అడిగాడు. జొన్నకంకి గారు పక్కకు జరిగిందంటున్న మంద వాడి కంట పడింది. సినిమా తీసినవారికి అంతవరకు ఋణపడి ఉన్నాను. వాడి ప్రశ్నల్లో కొన్నిటికి నా దగ్గర సమాధానం లేదు, పాలకొండ గారు చెప్పగలరేమో.

పాలకొండ
దూరతీరం గారూ, దారిలో ఈనితే పిల్లను కాపరి గొంగట్లో వేసుకుని భుజాన మోస్తాడు. తల్లి ఆ వాసన పట్టుకుని పక్కనే నడుస్తుంది. అందరూ అడవికి పోరు, మేత కొనగలిగినవారు ఊళ్లోనే ఉండిపోతారు, కొందరు సగం మందను అమ్ముకుంటారు. కరవులో అందరూ అమ్మేవాళ్లే కాబట్టి ధర పలకదు. అమ్మలేక, మేపలేక మిగిలినవారు అడవి దారి పడతారు. మా నాన్న ఆ సినిమా చూస్తున్నంతసేపూ కథ వదిలేసి, మందలో ఏవి చూలివో, ఏవి కాదో చెబుతూ కూర్చున్నారు. మీ అబ్బాయిని తీసుకుని ఎప్పుడైనా మా ఊరు వస్తే ఆయన పక్కన కూర్చోబెడతాను.

సిరిసిల్ల_మగ్గం
ఓపిక గురించి రెండో_ఆట గారు మొదట్లో అన్న మాటకు నా జవాబు ‘బలగం’ (2023). వేణు ఎల్దండి గారి ఆ సినిమాకు మూలంగా నవల లేదు, అయినా అది నవలలాగా నింపాదిగా నడుస్తుంది. తాత చనిపోయాక మూడో రోజున, అయిదో రోజున పెట్టిన ముద్దను కాకి ముట్టదు. పదకొండో రోజున ఏమవుతుందోనని ఊరంతా ఎదురుచూస్తుంది. కథంతా అంతే. మా ఇంట్లో మా పెద్దనాయన పోయినప్పుడు ఇస్తారాకులో అన్నం, ఆయనకు ఇష్టమైన తునకల కూర, చిన్న గ్లాసులో కల్లు పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాం. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, దిగలేదు. మా అత్తమ్మ ఉన్నట్టుండి, భూమి పంపకాల్లో తనకు జరిగిన అన్యాయాన్ని అందరి ముందూ గట్టిగా చెప్పి ఏడ్చింది. మా బాపు తలవంచుకుని, సరిచేస్తానని మాట ఇచ్చాడు. కాకి అప్పుడు దిగిందా, ముందే దిగిందా అని మా ఇంట్లో ఇప్పటికీ వాదన ఉంది. ఆ సినిమాలో నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలక ఇరవై ఏళ్లు సాగడం చూసి నవ్వినవారు ఉన్నారు, మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఊళ్లలో తెరలు కట్టి ఆ సినిమాను ప్రదర్శించారు, జనం నేల మీద కూర్చుని చివర మొగిలయ్య, కొమురమ్మ పాట అయ్యేదాకా కదలకుండా చూశారు. ఒక కర్మకాండను వరస తప్పకుండా చూపితే జనం లేచిపోలేదు కదా.

రెండో_ఆట
‘బలగం’ ముందు నా వాదన కొంత తగ్గించుకోవలసిందే. అయితే అక్కడ కాకి ముట్టుతుందా లేదా అన్న ఉత్కంఠ ప్రతి దృశ్యం కిందా ఉంది, ఓపిక పట్టడానికి కథ ఒక కారణం ఇచ్చింది. మేతకు అటువంటి ఉత్కంఠను ఎలా తేవాలన్నదే దర్శకుడి ముందున్న చిక్కు.

మబ్బుతెర
ఆ చిక్కును పేజీ మీద విప్పిన పుస్తకం ఒకటి ఉంది. డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’. ఆయన చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ నవలలు రాశారు. ఆ చిన్న నవలలో ఒక ముసలి పందుల కాపరి, ఈనడానికి సిద్ధంగా ఉండి అడవిలో తప్పిపోయిన ఒక పంది, ఒక రాత్రి, అంతే. నాయిక లేదు, ప్రేమ లేదు, ముసలివాడికి పేరు కూడా లేదు. అడుగుజాడలు చూడటం, గాలి ఎటు వీస్తున్నదో గమనించడం, నక్కల అరుపు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టడం, ఈ పనులే ఉత్కంఠ. చివర ఏమవుతుందో ఇక్కడ చెప్పను, చదవనివారికి అన్యాయం చేసినట్లవుతుంది. పని తప్ప మరో కథ అక్కర లేదని నాకు నేర్పిన పుస్తకం అది.

గడ్డిపరక
మబ్బుతెర గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ‘కొండపొలం’ మీద నాకున్న పేచీ ఈ పుస్తకం మీద లేదు. ఆ ముసలివాడికి అడవి ఏ మేలూ చేయదు, రచయిత ఆయనకు ఏ బహుమతీ ఇవ్వడు.

ఏటిఒడ్డు
పని మీద నిలబడిన సినిమాల మాట వచ్చింది కాబట్టి, 2024లో వచ్చిన ‘35: చిన్న కథ కాదు’ కూడా చూడండి. తిరుపతిలో ఒక ఇల్లు, సున్నాకు విలువ లేకపోతే ఒకటి పక్కన చేరగానే తొమ్మిదిని ఎలా మించుతుందని అడిగే పిల్లవాడు, అతనికి లెక్కలు చెప్పడం కోసం తను మళ్లీ లెక్కలు నేర్చుకునే పదో తరగతి తప్పిన తల్లి. నివేతా థామస్ గారు పుస్తకం ముందు పెన్సిలు పట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ లెక్క తెగుతుందా లేదా అని నేను ఊపిరి బిగబట్టి చూశాను.

జొన్నకంకి
ఏటిఒడ్డు గారూ, రెండో_ఆట గారు అడిగిన ఉత్కంఠకు జవాబు మీ మాటలోనే ఉంది. ఆ పిల్లవాడి లెక్కను సినిమా అంత శ్రద్ధగా చూసింది కాబట్టి మనమూ అంత శ్రద్ధగా చూశాం. ‘కొండపొలం’ సినిమా కూడా కొన్ని చోట్ల మందను అలా చూసింది, ముఖ్యంగా రాత్రిపూట మంటలు వేసుకుని కూర్చున్న దృశ్యాల్లో. ఆ చూపును చివరిదాకా నిలుపుకొనే ధైర్యం చేయలేదన్నదే నా ఫిర్యాదు. దూరతీరం గారి అబ్బాయి అడిగిన ప్రశ్నలు చదివాక, ప్రేక్షకులు ఆ ధైర్యానికి సిద్ధంగానే ఉన్నారని ఇంకా గట్టిగా అనుకుంటున్నాను.

దూరతీరం
ఈ వేసవికి ఏదో ఒక పుస్తకాన్ని రోజుకు కాస్త చొప్పున మా అబ్బాయికి నేనే చదివి వినిపించాలనుకుంటున్నాను. ‘కొండపొలం’తో మొదలుపెట్టమంటారా, కేశవరెడ్డి గారి నవలతోనా?

పాలకొండ
కేశవరెడ్డి గారిదే ముందు చదవండి. అది చిన్నది, ఒక్క రాత్రి కథ కాబట్టి పిల్లవాడి ధ్యాస చెదరదు. ‘కొండపొలం’ సినిమా ఇప్పటికే చూశాడు కాబట్టి ఆ నవల కొన్నాళ్లు ఆగినా ఫరవాలేదు. అందులో మా సీమ మాటలు చాలా ఉంటాయి, అర్థం కానివి ఇక్కడ రాయండి, నాన్నను అడిగి చెబుతాను.